కప్పు మీద గురవమ్మ

కప్పు మీద నా భార్య మొహాన్ని నేను మొదట చూసింది మురిక్కాలవలో. ప్రొద్దుటూరు బస్టాండు వెనకాల. కాగితం కప్పు ఒకటి తేలుతూ వచ్చి రాయికి తగులుకుని ఆగింది. దాని మీద గురవమ్మ బర్రె పక్కన కూర్చుని నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: ‘మా గురవమ్మ పాలు, మన పెన్నగట్టు కాఫీ’.

ఆమె చనిపోయి రెండేళ్ల నాలుగు నెలలు. ఆ కాఫీలో ఆమె పాలు పడటం ఆగిపోయి కూడా అంతే.

పుల్లతో కప్పును గట్టుకు లాక్కున్నాను. కొళాయి దగ్గర కడిగి సంచిలో వేసుకున్నాను. చూసినవాళ్లు చెత్త ఏరుకునేవాడు అనుకుని ఉంటారు. అనుకోనీ. ఆ రోజు నన్ను రమ్మని కబురు పంపింది కూడా పెన్నగట్టు కాఫీ యజమానే.

పెన్నగట్టు కాఫీ ఒకప్పుడు గురురాజారావు కాఫీ క్లబ్బు. ఆరు బల్లలు, ఒక ఇత్తడి ఫిల్టరు. గింజలు పొద్దున్నే ఆయనే వేయించి ఆయనే ఆడించేవాడు. డికాక్షన్ దిగి మూడు గంటలు దాటితే ఎవరు అడిగినా ఇచ్చేవాడు కాదు, పారబోసేవాడు. పాలు మావి. జమ్మలమడుగు పక్కన మా ఊరి నుంచి మొదటి బస్సుకు రెండు క్యాన్లు వేసేవాణ్ణి. ఇరవై రెండేళ్లు వేశాను. గురురాజారావు ప్రతిరోజూ గోరు మీద ఒక బొట్టు వేసుకుని వేలు వంచేవాడు. బొట్టు జారకపోతేనే క్యాను లోపలికి పోవాలి. ఒక్కరోజు కూడా జారలేదు.

అది నా గొప్ప కాదు. నేను గొర్రెల వెంట తిరిగేవాణ్ణి. బర్రెలు గురవమ్మవి. ఉలవలు ఉడకబెట్టి, శనగచెక్క నానబెట్టి, చేలగట్ల మీద గరిక కోసుకొచ్చి ఒక్కోదానికి ఏది ఇష్టమో అది పెట్టేది. మనుషులకంటే ముందు వాటికి వండేది. నా అన్నం ఆలస్యమైందని నేను అరిచిన రోజులు చాలా ఉన్నాయి.

గురురాజారావు పోయాక కొడుకు రవిశంకర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. క్లబ్బు పేరు తీసేశాడు. ప్రొద్దుటూరులో రెండు అంగళ్లు, జమ్మలమడుగులో ఒకటి. ఇత్తడి ఫిల్టరును గాజుపెట్టెలో పెట్టి దాని మీద లైటు వేశాడు. కాఫీ మాత్రం మీట నొక్కితే వస్తుంది. పక్కనే బర్గర్లు, నూనెలో వేయించిన ఆలుగడ్డ ముక్కలు, నురగ కట్టిన చల్ల కాఫీ. పిల్లలు మధ్యాహ్నం అన్నం మానేసి అక్కడే కూర్చుంటారు. మా అబ్బాయి గంగాధర్ తల్లి ఉన్నప్పుడే ఆ అంగట్లో చేరాడు.

గురవమ్మ పోయినప్పుడు పదకొండు రోజులు మైల. మైల ఇంటి పాలు మావాళ్లు అమ్మరు. దూడలకు వదిలేశాం. నేను కబురు కూడా పంపలేదు. ఇరవై రెండేళ్లు పాలు పోసిన ఇంట్లో చావు జరిగితే వాళ్లే వెదుక్కుంటూ వస్తారనుకున్నాను. పన్నెండో రోజు క్యాన్లతో పోయాను. రవిశంకర్ క్యాన్ల వైపు చూడలేదు.

“కూర్చో మామా. శానా కష్టం వచ్చింది నీకు” అని కాఫీ తెప్పించాడు. తాగాను.

“ఎట్లుంది?”

“బాగుంది సామీ. ఎవురి పాలు?”

“పాలపొడి” అన్నాడు. “పదకొండు దినాల నుంచి ఇదే పోస్తాండాం. ఒక్కరు అడగలేదు మామా. ఒక్కరంటే ఒక్కరు.”

క్యాన్లు తిరిగి బస్సెక్కించుకుని వచ్చాను. రవిశంకర్‌ను క్షమించలేదు. తేడా తెలియకుండా తాగిన ఊరిని క్షమించలేదు. బాగుందని చెప్పిన నా నాలుకను అసలే క్షమించలేదు.

మళ్లీ ఆ మెట్లు ఎక్కడం ఆ కబురు వచ్చిన రోజే.

ఆఫీసు అంగడి పైన ఉంది. గది చల్లగా ఉంది. గోడ నిండా గురవమ్మ. ఆ ఫోటో తీసిన రోజు నాకు గుర్తుంది. రవిశంకర్ మనుషులు మా ఇంటికి వచ్చి ఆమెను పట్టుచీర కట్టుకోమన్నారు. బర్రె ఆ చీరను గుర్తుపట్టక కాలు ఝాడించింది. పాలు చేపలేదు, ఒక్క ధార కూడా రాలేదు. ఫోటోలో ఆమె చేతులు పొదుగు మీద ఉన్నాయి, ఒళ్లో చెంబు ఉంది. చెంబు ఖాళీ. ఫోటో తీసినవాడికి అది అక్కర్లేదు.

“రా మామా రా. శుక్రవారం పులివెందుల ఓపెనింగ్. నువ్వు లేకుండా ఎట్ల?” అన్నాడు రవిశంకర్.

నేను సంచిలో నుంచి కప్పు తీసి బల్ల మీద పెట్టాను.

“అబ్బ, దాచిపెట్టుకున్నావా మామా!” అని చేతిలోకి తీసుకున్నాడు. “చూడు, అత్తమ్మ నవ్వు ఎంత బాగా పడిందో.”

“కాలవలో దొరికింది.”

కప్పు కింద పెట్టేసి కాగితంతో వేళ్లు తుడుచుకున్నాడు.

“ఆ బొమ్మ తీసేయి సామీ. పాలు లేనప్పుడు ఆమె ఎందుకు?”

“అదే మామా సంగతి. జనం అడుగుతాండారు. ఫోన్లలో రాస్తాండారు, పెన్నగట్టు కాఫీ మునుపటి మాదిరి లేదని, పాలు లేవని. ఎవురో పనిలేనోళ్లు. పులివెందులలో మొదటి రోజే ఆ మాట రాకూడదు. మా నాయన చెప్తా ఉండె, మీవాళ్లు పాలచెంబు పట్టి అబద్ధం ఆడరంట గదా?”

ఆడరు. గొర్రె తప్పిపోయినా, గట్టు తగాదా వచ్చినా పెద్దమనుషులు చేతిలో పాలచెంబు పెట్టి అడుగుతారు. ఆ తర్వాత ఇంకో సాక్ష్యం ఉండదు. అబద్ధం ఆడితే ఇంట్లో పొదుగులు ఎండిపోతాయని మావాళ్లు అంటారు. ఎండటం నేను చూడలేదు. చెంబు పట్టి అబద్ధం ఆడినవాణ్ణి కూడా నేను చూడలేదు.

చుట్టుపక్కల నాలుగు మండలాలకు ఈ సంగతి తెలుసు. రవిశంకర్‌కు కావలసింది అదే.

“స్టేజీ మీద నీ చేతికి చెంబు ఇస్తాం. రెండు మాటలు చెప్తే చాలు. కెమెరా ఉంటాది” అని ఒక కాగితం నా ముందుకు తోశాడు. మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. చదవగలను. ‘ఇవి మా గురవమ్మ బర్రెల పాలు. ఆమె పెట్టిన మేతే పెడతాండాం. పెన్నగట్టు కాఫీలో పోసేది ఈ పాలే.’

“పొడి పోస్తా ఈ మాట ఎట్ల చెప్పేది సామీ?”

“పొడి యాడ నుంచి వచ్చె మామా? అదీ పాలే గదా. యాడో ఒక బర్రెవే.”

“ఆ బర్రె పేరేంది?”

నవ్వాడు. నవ్వు ఆపాక కుర్చీలో వెనక్కి వాలాడు. “పులివెందుల మేనేజరు సీటు గంగాధర్‌కే అనుకుంటాండా. వాళ్లమ్మ బొమ్మ కింద కూచుంటాడు. ఎంత లక్షణంగా ఉంటాది! నువ్వు రాలేదనుకో, అదే బొమ్మ కింద ఇంకెవురో కూచోవాల. నాకూ బాగుండదు, నీకూ బాగుండదు.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కప్పు కూడా తీసుకున్నాను.

కిందికి దిగేసరికి పక్క అంగట్లో నుంచి పిలుపు. “ఓ రామాంజులన్నా! మనుషుల్ని చూడకుండా పోతాండావే!”

షాహీదాబీ. ఆమెది గాజుల అంగడి. క్లబ్బు పెట్టినప్పటి నుంచి ఆ గోడకు ఆనుకునే ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కాఫీ తెప్పించుకునేది. ఇప్పుడు ఆమె పక్కన స్టవ్వు, గిన్నె ఉన్నాయి.

“ఏంది షాహీదమ్మా, ఈడే కాసుకుంటాండావా?”

“రెండేండ్లు దాటె. ఆ కాఫీ మనుషులు తాగేదా?”

“అందరూ తాగుతాండారే.”

“అందురూ నోట్లో పోసుకుంటాండారు. కంట్లో ఫోను, నోట్లో కప్పు. ఏం తాగుతాండారో వాళ్లకేం ఎరుక?” ఒక చేతికి గాజు తొడుగుతూనే మాట్లాడుతోంది. చేయి చాచినామె నవ్వింది. “అన్నా, నీకొక మాట చెప్పాల. ఎప్పుడూ చెప్పలేదు. ఒకరోజు పొద్దున కాఫీ తెచ్చిచ్చినారు. ఒక గుక్క తాగి ఊసేసినా. మా బిడ్డ సైదున్నీసా ఈడే కూచోనుండె. దానికి చెప్పినా, గురవమ్మకు ఏందో అయింది అని. అది నవ్వె, కాఫీ తాగి జాతకం చెప్తాండావా అమ్మా అని. మూడోరోజు తెలిసె, నేను ఊసేసిన దినానికి ముందురోజే గురవమ్మ పోయిందని.”

సంచిలో కప్పును ఇంకా లోపలికి తోశాను.

“నాకు ఎవురూ చెప్పలేదన్నా. కాఫీనే చెప్పె.”

“మరి వాళ్లను అడగలేదా?”

“అడగకేం! పోయి అడిగినా. చక్కెర తక్కువైందేమో అని ఇంకో చెంచా ఏసినారు.”

ఒక్కరంటే ఒక్కరు అడగలేదని రెండేళ్ల నాలుగు నెలలు నేను నమ్మాను. ఒక్కరు అడిగారు. చక్కెర వేసి పంపారు.

బుధవారం సాయంత్రం, వేరుకాపురం ఉంటున్న గంగాధర్ మోటారు సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. చేతిలో పార్సిల్. ఫ్రైడ్ రైస్, ఎర్రగా వేయించిన కోడి ముక్కలు. ఆ వాసన నాకు గిట్టదు. అయినా తిన్నాను. గురవమ్మ పోయినప్పటి నుంచి మా ఇంటి పొయ్యి రోజూ వెలగదు. జమ్మలమడుగు పోయినప్పుడు బండి మీద ఏదో ఒకటి కట్టించుకుని వస్తాను. గంగాధర్ కూతురు జాహ్నవి పొట్లం చించితే తప్ప అన్నం ముట్టదని నేను కోడలు నాగలతను తిడుతూ ఉంటాను. నేను తినేదీ పొట్లమే.

బర్రె అరిచింది. ఒకటే మిగిలింది ఇప్పుడు, చుక్క. నుదుట తెల్ల మచ్చ చూసి, దూడగా ఉన్నప్పుడు గురవమ్మే ఆ పేరు పెట్టింది. లేచి దాణా సంచి మూతి విప్పి రెండు డబ్బాలు తొట్టిలో పోశాను. నీళ్లు కొట్టాను. వచ్చి మళ్లీ కూర్చున్నాను. రెండు నిమిషాల పని.

“నాయనా, శుక్రవారం వస్తాండావు గదా?” అన్నాడు గంగాధర్.

“పాలచెంబు పట్టి ఆ మాట చెప్పలేను రా.”

“ఆ చెంబులో వాళ్లు పోసేది పొడి కలిపిన నీళ్లు. పాలే కానప్పుడు ప్రమాణం యాడ తగుల్తాది?”

ఈ ఆలోచన వాడికి ఎప్పుడు వచ్చిందో. ఒక క్షణం నవ్వు వచ్చింది. వాడు నవ్వలేదు.

“సరే. అది వద్దులే. ఇంటి నుంచే పాలు తెచ్చుకో. చుక్క పాలు. చెంబులో ఉండేవి అమ్మ బర్రె పాలే గదా? నువ్వు చెప్పేది నిజమే గదా? మిషన్లో ఏముందని నిన్ను ఎవురూ అడగరు. మూడో మాట నువ్వు చెప్పొద్దు. నేను సారుతో మాట్లాడినా. మొదటి రెండు మాటలు చాలంట.”

“ఇది నువ్వు ఆలోచించినావా, ఆయప్ప చెప్పి పంపినాడా?”

“ఎవురైతే ఏంది నాయనా?” గొంతు పెరిగింది. “నాగలత పులివెందులలో ఇల్లు చూసింది. పాపను బడిలో ఏసినాం. పెట్టెలన్నీ దించుకున్నాం. ఈ సీటు పోతే నేను మళ్లా గోడౌన్లో సంచులు మోయాల, బల్లలు తుడవాల. ఎనిమిదేండ్లు చేసినా. చాలదా?”

“మీ అమ్మ కాలవలో తేలుతాంది.” కప్పు తీసి వాడి ముందు పెట్టాను.

వాడు దాన్ని ముట్టుకోలేదు. చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

“నాకు అమ్మ గాదా? రోజూ వందల కప్పుల మీద చూస్తాండా. మొదట్లో బల్లలు తుడిచేటప్పుడు ఆ కప్పులు చెత్తబుట్టలో ఎయ్యలేకపోతి. ఒకదాంట్లో ఒకటి దూర్చి పక్కన పేర్చి పెట్టేవాణ్ణి. సారు చూసి నవ్వె. ఇప్పుడు ఏస్తాండా. అలవాటైపోయె.” లేచి బండి తాళం తీసుకున్నాడు. “నువ్వు ఒక్క పొద్దు ఓర్చుకో నాయనా. ఒక్క పొద్దు.”

పోతూ గేటు దగ్గర ఆగాడు. “వస్తావా రావా, ఇప్పుడే చెప్పు. రాకపోతే పొద్దున్నే సారుకు చెప్పేస్తా.”

“వస్తా” అన్నాను.

శుక్రవారం తెల్లవారేముందు లేచి చుక్కను పిండాను. ఇత్తడి చెంబు గురవమ్మది. నిండా పాలు పోసి తెల్లగుడ్డ కట్టి జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులతో చెంబు పట్టుకున్నాను. ముద్దనూరు దాటే వరకు ఒక్క చుక్క ఒలకనీయలేదు.

“ఏందప్పా, పాలచెంబు పట్టుకోని కూచున్నావు?” అని అడిగాడు కండక్టరు. “ఎవురన్నా నిన్ను ప్రమాణం అడిగినారా?”

వెనక సీట్లో ఇద్దరు నవ్వారు.

“అడిగినారు” అన్నాను.

“నిజమే చెప్పు మరి. మా బస్సులో ఉన్నంతవరకన్నా.”

పులివెందులలో దిగేసరికి వేముల వైపు నుంచి వచ్చిన ఆటోలు, ట్రాక్టర్లు, బళ్లు అన్నీ కొత్త అంగడి ముందే ఆగి ఉన్నాయి. రంగు బుడగలు. గుండె అదిరేలా పాటలు. మొదటి రోజు కాఫీ, బర్గరు ఉచితమని రెండు రోజులుగా మైకులో తిప్పారట. మూడొందల మంది ఉంటారు. అంగడి ముందు పన్నెండడుగుల గురవమ్మ నిలబడి ఉంది. అంత ఎత్తులో చూస్తే ఖాళీ చెంబు ఇంకా బాగా కనిపిస్తోంది. ఎవరూ దాన్ని చూడటం లేదు.

గంగాధర్ కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎదమీద పేరు రాసిన బిళ్ల. పేరు కింద ‘మేనేజర్’. దాన్ని ఒకటికి రెండుసార్లు సరిచేసుకున్నాడు. నాగలత పక్కన జాహ్నవి నురగ కాఫీ తాగుతోంది. పై పెదవి మీద తెల్లటి మీసం. తాతా అని చేయి ఊపింది.

“పాలు తెచ్చినావా నాయనా?”

చెంబు చూపించాను. గుడ్డ విప్పి చూసి వాడు ఊపిరి వదిలాడు. “మొదటి రెండు మాటలే. మర్చిపోవద్దు” అన్నాడు చెవిలో.

నన్ను పైకి పిలిచారు. రవిశంకర్ నా భుజం మీద చేయి వేశాడు. మైకు పట్టుకున్నాడు. “పెన్నగట్టు కాఫీలో పాలు లేవని కొంతమంది ప్రచారం చేస్తాండారు. నేను జవాబు చెప్పను. మా గురవమ్మ అత్తమ్మ భర్త రామాంజులు మామ చెప్తాడు. చేతిలో ఏముందో చూడండి. ఆ చెంబు పట్టి వాళ్ల కులంలో ఎవురూ అబద్ధం ఆడరు. మీ అందరికీ తెలుసు.”

పాట ఆపారు. తెలుసన్నట్టు జనంలో ముసలివాళ్లు తల ఊపారు. ఫోన్లు పైకి లేచాయి. మైకు నా నోటి దగ్గరికి వచ్చింది. నా రెండు చేతుల మధ్య చెంబు ఇంకా కొంచెం వెచ్చగానే ఉన్నట్టు అనిపించింది. పిండి నాలుగు గంటలైంది. వెచ్చగా ఉండే అవకాశం లేదు.

ఎదురుగా గంగాధర్. బిళ్ల మీద చేయి పెట్టుకుని నా పెదవుల వైపే చూస్తున్నాడు. వాడు చిన్నప్పుడు దూడను వదిలి పాలు తాగించి తప్పు ఒప్పుకోవాలా వద్దా అని తల్లి వైపు అలాగే చూసేవాడు. ఆమె ఎప్పుడూ వదిలేసేది. నేను వదిలేవాణ్ణి కాదు.

“ఇవి మా గురవమ్మ బర్రె పాలు” అన్నాను.

చప్పట్లు.

“ఆమె పెట్టిన మేతే పెడతాండాం.”

మళ్లీ చప్పట్లు. రవిశంకర్ మైకు వెనక్కి తీసుకోబోయాడు. గంగాధర్ అప్పటికే కళ్లు మూసుకుని తెరిచాడు. వాడి ముఖం తేలికపడింది. అది చూశాను. చూసి కూడా మైకు వదల్లేదు.

“ఈ అంగట్లో ఉండే పాలు ఇంతే” అన్నాను, చెంబు పైకెత్తి. “ఈ చెంబుడే. అవీ నేను బస్సులో తెచ్చినవి. మిషన్లో ఉండేది పొడి. నా భార్య చచ్చిపోయిన రోజు నుంచి పొడే.”

ఎవరూ కదల్లేదు. ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు. అంతే.

రవిశంకర్ మైకు లాక్కుని గట్టిగా నవ్వాడు. “మామ పరాచికాలు మానలేదు! రండి రండి, కాఫీ చల్లారిపోతాది!”

పాట మొదలైంది. జనం ముందుకు తోసుకున్నారు. నా మాట విన్నవాళ్లు విన్నారు. తల ఊపిన ముసలివాళ్లు కూడా వరుసలో నిలబడ్డారు. ఒకాయన నా పక్క నుంచి పోతూ, “నిజమే చెప్పినావప్పా” అని కప్పు అందుకున్నాడు. తాగాడు. మూతి తుడుచుకుని బర్గరు ఎక్కడిస్తారని అడిగాడు.

“ఆ బొమ్మ దించు సామీ” అన్నాను.

“దించుతా.” రవిశంకర్ నవ్వుతూనే, పళ్ల మధ్య నుంచి అన్నాడు. “పొద్దు గుంకేలోపల దించుతా. ఇరవై ఫోన్లలో పడినాక దాన్ని ఏం చేసుకోను? నీ కొడుకును కూడా అదే నిచ్చెన మీద నుంచి దించుతా. చూసి పో.”

అన్నవాడు అంతవరకు కూడా ఆగలేదు, అప్పుడే దించమన్నాడు. నిచ్చెన ఎక్కమని గంగాధర్‌కే చెప్పాడు. వాడు ఎక్కాడు. తాళ్లు ఒక్కొక్కటి విప్పాడు. పన్నెండడుగుల తల్లిని కింద పడేయకుండా, మడత పడకుండా, రెండు చేతుల మధ్య చుట్టుకుంటూ దిగాడు. చుట్టను నా చేతికి ఇచ్చాడు. బిళ్ల విప్పి గల్లా మీద పెట్టాడు.

“సంతోషమా నాయనా?”

“మీ అమ్మ పేరు...”

“అమ్మ ఉంటే ఏం చేస్తాండెనో నీకు తెలుసు. నాకూ తెలుసు” అన్నాడు. అంతే. నాగలత జాహ్నవి చేయి పట్టుకుని ముందే నడిచింది. పాప కప్పు వదల్లేదు.

నెలైంది. గంగాధర్ ప్రొద్దుటూరు గోడౌన్లో ఉన్నాడు. ఫోన్ చేయడు. జమ్మలమడుగు అంగట్లో కొత్త కప్పులు వచ్చాయి. వాటి మీద వేరే ఆడమనిషి, వేరే పేరు, పక్కన జెర్సీ ఆవు. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. జనం తగ్గలేదు. నాకు కావలసింది జరిగింది. గురవమ్మ ఏ కాలవలోనూ లేదు. మా ఇంట్లో, చుట్టలో, గోడకు ఆనించి ఉంది.

ఒక మనిషికి మాత్రం ఈ సంగతి చెప్పాలనిపించింది. నిన్న చుక్క పాలు సీసాలో పోసుకుని ప్రొద్దుటూరు పోయాను. షాహీదాబీ సీసా చూడగానే స్టవ్వు వెలిగించింది.

“ఫోన్లో చూసినా అన్నా. సైదున్నీసా చూపించె. చెంబు పట్టుకోని నిలబడితివి సూడు, పోలీసు మాదిరి!”

“గురవమ్మ పాలు. తాగి చెప్పు” అన్నాను.

డబ్బాలో నుంచి కాఫీ పొడి తీసి డికాక్షన్ వేసింది. పాలు పొంగించింది. రెండు గాజు గ్లాసుల్లో పోసింది. నేను తాగలేదు. ఆమెనే చూస్తున్నాను. ఒక గుక్క తాగింది. ఊసేయలేదు. ఇంకో గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. గాజుల పెట్టె సర్దింది. మళ్లీ సర్దింది.

“చెప్పు షాహీదమ్మా.”

“చెడ్డగా అనుకోవద్దన్నా. ఇవి ఆయమ్మ పాలు గావు.”

“అదే బర్రె. చుక్క. ఆమె పెంచినదే.”

“బర్రె అదేనేమో. మేత ఏం పెడతాండావు?”

నా గ్లాసును పక్కకు జరిపాను. 

“సంచి దాణా.”

“ఊఁ” అంది.

ఆమె పెట్టిన మేతే పెడతాండాం. ఆ మాట కాగితం మీద రవిశంకర్ రాశాడు. చెంబు పట్టుకుని, మైకులో, నా నోటితో చెప్పింది నేను. మూడో మాట అబద్ధమని కొడుకు సీటు పోగొట్టాను. రెండో మాట గురించి ఆలోచించనే లేదు. చెంబు పట్టి అబద్ధం ఆడినవాణ్ణి నేను చూడలేదు. పులివెందులలో మూడొందల మంది చూశారు.

“ఉలవలు ఉడకబెడతా ఉండె ఆయమ్మ. పొద్దున్నే, మీకు వండకముందే. నాకు చెప్తా ఉండె” అంది షాహీదాబీ. “నీకు తెలీదా అన్నా?”

“తెలుసు” అన్నాను.